ఆట మారవచ్చు, ఆడించే చేయి మిగలాలి: తోలుబొమ్మలాటలో సంప్రదాయ నవ్యతల సమతుల్యం – ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగులో ‘ఆట’ అనే మాటకు ఉన్న వ్యాప్తి గమనించదగినది. పిల్లలు వీధిలో ఆడేదీ ఆటే, పెద్దలు రచ్చబండమీద ఆడే పులిజూదమూ ఆటే, రాత్రివేళ తెరమీద రామరావణుల యుద్ధాన్ని చూపేదీ ఆటే. సినిమాహాలులో సైతం మొదటి ఆట, రెండవ ఆట అంటాం. నియమాలకు లోబడిన క్రీడను, పాత్రలతో నడిచే ప్రదర్శనను మన వాడుక ఒకే మాటతో పిలిచింది. ఈ రెండింటిలోనూ సమానంగా ఉన్నదేమిటి? రెండూ ఎవరో ఒకరు ఆడితేనే ఉంటాయి. ఆడనప్పుడు మిగిలేవి పావులు, గవ్వలు, తోళ్ళు, పుస్తకాలు మాత్రమే.

అనంతపురం పీఠభూమికి చెందిన తోలుబొమ్మలాటను ఆధారంగా చేసుకొని ఒక ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. వారసత్వంగా వచ్చిన ఆటను కొత్త తరం మార్చవచ్చునా? మార్చవచ్చునంటే ఎంతవరకు? ఆ హద్దును నిర్ణయించే అర్హత ఎవరిది? ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట ఈ ప్రశ్నకు కేంద్రం. 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగాక ఈ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. అయితే ఈ వ్యాసంలో ‘అనంతపురం’ అనే మాటను పాత జిల్లా అర్థంలోనే వాడుతున్నాను.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో ఎదురు కాలేదు. ఒక హస్తకళల ప్రదర్శనశాలలో తోలుతో చేసిన దీపపు గుమ్మటాన్ని చూశాను. దానిమీద సంజీవనీ పర్వతాన్ని మోస్తున్న ఆంజనేయుడున్నాడు. ఉలిచిల్లుల్లోంచి వెలుతురు నక్షత్రాల్లా కురుస్తోంది. పనితనంలో వంక పెట్టడానికేమీ లేదు. కాని ఆ హనుమంతుడి భుజానికి, మోచేతికి, మోకాలికి కీళ్ళు లేవు. చిన్నప్పుడు మా ఊరి బడి ముందర చూసిన హనుమంతుడు తెర ఈ చివరినుంచి ఆ చివరికి ఎగిరేవాడు. ఇతడు ఎగరడు. ఇది అదే కళకు కొత్త రూపమా, లేక ఆ కళ ఆగిపోయిన చోటా? ఆ రోజు సమాధానం తోచలేదు. అప్పటినుంచి చేస్తున్న ఆలోచనకు ఈ వ్యాసం ఒక రూపం.

1. మార్పు లేని సంప్రదాయం లేదు

తోలుబొమ్మలాట మన సాహిత్యానికి చిరపరిచితమైనది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో దీనిని ప్రస్తావించాడు. ఇంత ప్రాచీనమైన కళ అనగానే అది మొదటినుంచి ఇదే రూపంలో ఉన్నదనే భావన సహజంగా కలుగుతుంది. దానిలోని ఒక్కొక్క అంశాన్ని విడదీసి చూస్తే ఆ భావన నిలవదు.

మొదటిది పాఠం. ఆంధ్రదేశపు బొమ్మలాటలో రామకథకు ప్రధానాధారం రంగనాథ రామాయణ ద్విపద. ఆ కావ్యమే వాల్మీకానికి యథాతథమైన నకలు కాదు. వారధి కట్టేటప్పటి ఉడుత కథ, సులోచన వృత్తాంతం, జంబుకుమారుని వధ వంటి అవాల్మీకాంశాలు అందులో ఉన్నాయి. ఈనాడు సంప్రదాయమని మనం రక్షించదలచుకొన్నది ఒకనాడు నవ్యత. ఆ ద్విపదను పాడే కళాకారులలో చాలామంది ఇంట్లో మాట్లాడేది మరాఠీకి చెందిన ఆరె భాష. వలస వచ్చిన కుటుంబాలు వేరొక భాషలోని కావ్యాన్ని నోటికి తెచ్చుకొని, దానినే తమ వంశవృత్తిగా చేసుకొన్నాయి. సంప్రదాయానికి రక్తం ఒక్కటే ఆధారమని భావించేవారు ఈ విషయాన్ని ఆలోచించాలి.

రెండవది సామగ్రి. పూర్వం దేవతా పాత్రలకు జింకతోలు శ్రేష్ఠమనే భావన ఉండేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత అది సాధ్యం కాదు. ఇప్పుడు మేకతోలే ఆధారం. ఆకులు, బెరళ్ళ రసాలతో చేసిన రంగుల చోట అంగడి రంగులు వచ్చాయి. మూడవది వెలుగు. ఆముదపు దీపాలు పోయి పెట్రోమాక్స్ దీపాలు, అవీ పోయి విద్యుద్దీపాలు వచ్చాయి. ఆముదపు దీపం గాలికి కదిలితే తెరమీది నీడ కూడా కదులుతుంది. బొమ్మ నిశ్చలంగా ఉన్నా ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది. విద్యుద్దీపం కింద ఆ ఊపిరి లేదు. కదలికనంతా చేయే కల్పించాలి. దీపం మారితే చేతిపని కూడా మారిందన్నమాట.

ఇన్ని మారాక ‘అదే ఆట’ అని ఏ ఆధారంతో అంటున్నాం? మిలింద పన్హలో నాగసేనుడు ఇటువంటి ప్రశ్నకు దీపాన్నే దృష్టాంతంగా తీసుకొన్నాడు. రాత్రి తొలిజామున వెలిగిన జ్వాల, నడిజామున వెలిగిన జ్వాల, తుదిజామున వెలిగిన జ్వాల ఒక్కటేనా? ఒక్కటని చెప్పలేం, వేరని కూడా చెప్పలేం. రాత్రంతా ఒకే దీపం ఆధారంగా వెలుగు కొనసాగింది. తెరవెనుక దీపం పెట్టుకొని తెల్లవార్లూ సాగే కళకు ఇంతకంటే తగిన ఉపమానం దొరకదు. నూనె మారవచ్చు, వత్తి మారవచ్చు. జ్వాలనుంచి జ్వాల అందుకొంటున్నంతవరకు దీపం కొనసాగుతుంది. కాబట్టి అడగవలసిన ప్రశ్న ‘ఏమి మారింది’ అన్నది కాదు, ‘ఎక్కడైనా తెగిందా’ అన్నది.

నియమాన్నే ఉల్లంఘించిన మార్పు కూడా సంప్రదాయంలో కలిసిపోయిన సందర్భం ఈ నేలకు తెలుసు. ధర్మవరంలో పుట్టి బళ్ళారిలో సరసవినోదినీ సభను నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) విషాద సారంగధరను రచించారు. సంస్కృత నాటక మర్యాద విషాదాంతాన్ని అంగీకరించదు. ఆయన ఆ మర్యాదను దాటారు. అయినా కాలం ఆయనను సంప్రదాయ ఘాతకుడని అనలేదు, ఆంధ్ర నాటక పితామహుడని అన్నది. ఆయన తరువాత నాటకం ఆడేవారి సంఖ్య తగ్గలేదు, పెరిగింది. ఈ అంశాన్ని మున్ముందు మళ్ళీ ప్రస్తావిస్తాను.

2. బల్లచుట్టూ ఆడే ఆటలో కూర్పుల తగవు

సంప్రదాయాన్ని ఎంత మార్చవచ్చునన్న చర్చ అచ్చులో, బహిరంగంగా, అర్ధశతాబ్దం పాటు సాగిన రంగం ఒకటి ఉంది. తెలుగు పరిశోధనలో దాని ప్రసక్తి అరుదు. అది పాశ్చాత్యదేశాలలో బల్లచుట్టూ కూర్చొని ఆడే పాత్రధారణ క్రీడ. నలుగురైదుగురు ఒకచోట చేరతారు. ఒకరు కథానిర్వాహకులు. మిగిలినవారు ఒక్కొక్కరూ ఒక వీరుడి పాత్రనో, మాంత్రికురాలి పాత్రనో స్వీకరిస్తారు. నిర్వాహకులు సన్నివేశాన్ని వర్ణిస్తారు, పాత్రధారులు తాము చేయబోయేది నోటితో చెబుతారు, ఫలితం అనిశ్చితమైనచోట పాచికలు వేస్తారు. వేషం లేదు, రంగస్థలం లేదు. మాటే ఆట. కథకు చట్రం ముందే ఉన్నా సంభాషణంతా ఆశువు. తోలుబొమ్మలాట కళాకారుడు తెరవెనుక కూర్చొని పాత్రల మధ్య అల్లుకొనే మాటకు ఇది దూరపు చుట్టమే.

ఈ క్రీడలలో ఆద్యమైనది 1974లో అమెరికాలో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. రూపకర్తలు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. నియమాలు పుస్తకరూపంలో ఉండడంవల్ల అప్పుడప్పుడు కొత్త కూర్పులు వస్తుంటాయి. ప్రతి కూర్పూ ఒక తగవే. 2000లో మూడవ కూర్పుతోపాటు, దాని మౌలిక నియమాలను ఎవరైనా వాడుకొని కొత్త కథలు ప్రచురించుకోవచ్చుననే బహిరంగ అనుమతి వెలువడింది. 2008లో వచ్చిన నాలుగవ కూర్పు నియమాలను సమూలంగా మార్చింది. అది సుష్ఠువైన నిర్మాణమేనని మెచ్చినవారున్నారు, ఇది మా ఆట కాదని విడిచిపోయినవారున్నారు. విడిచిపోయినవారిలో అనేకులకు 2009లో మరొక సంస్థ పాత నియమాల పునాదిపై ప్రచురించిన పాత్‌ఫైండర్ ఆశ్రయమైంది. ఈ అనుభవం తరువాత 2014 నాటి అయిదవ కూర్పును సిద్ధం చేసేటప్పుడు ముసాయిదా నియమాలను ముందుగా ఆటగాళ్ళకే ఇచ్చి, ఆడించి, అభిప్రాయాలు సేకరించారు. 2024లో సవరించిన పుస్తకాలు వెలువడినప్పుడు, 2014 తరువాతి సాహసకథలను కొత్త పుస్తకాలతో కూడా ఆడుకోవచ్చునని ప్రచురణకర్తలు ప్రత్యేకంగా చెప్పవలసివచ్చింది.

ఈ చరిత్రనుంచి రెండు సూత్రాలు తీయవచ్చు. మొదటిది: కొత్త కూర్పుకు గీటురాయి దాని అందం కాదు, పాత కథను దానితో ఆడగలగడం. పట్టికలు మారినా, లెక్కలు మారినా, ఇరవయ్యేళ్ళనాటి కథను ఈ రాత్రి బల్లమీద పెట్టి ఆడగలిగితే వారసత్వం నిలిచినట్టే. రెండవది: ఆడేవారి సమ్మతి లేని మార్పు నిలవదు. 2023 జనవరిలో ప్రచురణ సంస్థ పాత బహిరంగ అనుమతిని సవరించబోతున్నదని తెలిసినప్పుడు ఆటగాళ్ళనుంచి, చిన్న ప్రచురణకర్తలనుంచి తీవ్రమైన వ్యతిరేకత వచ్చింది. ఆ నెలలోనే సంస్థ వెనక్కు తగ్గి, మౌలిక నియమాలను మరింత స్వేచ్ఛగల క్రియేటివ్ కామన్స్ అనుమతి కింద విడుదల చేసింది. చట్టప్రకారం ఆట ఒకరి ఆస్తి కావచ్చు. ఆచరణలో అది ఆడేవారందరి పొత్తు.

3. బీరువాలో ఉండే కూర్పు, నోటిలో ఉండే కూర్పు

అయితే ఈ సూత్రాలను నిమ్మలకుంటకు యథాతథంగా అన్వయించలేం. రెండు సంప్రదాయాల మధ్య ఒక మౌలిక భేదం ఉంది. నైతిక సమస్య బరువంతా ఆ భేదంలోనే ఉంది.

అక్కడ కొత్త కూర్పు వచ్చినంత మాత్రాన పాతది అంతరించదు. 1974 నాటి పుస్తకం ఎవరి బీరువాలోనో ఉంటుంది. ఇష్టమైనవారు తీసి ఆడుకోవచ్చు. నిజానికి పాత నియమాలను పునర్నిర్మించి ఆడే ఉద్యమం ఒకటి ఈ శతాబ్దం తొలిదశకంలోనే బయలుదేరింది. పోయిందనుకొన్నది పుస్తకంనుంచి తిరిగి వచ్చింది. దీపం ఆరినా అగ్గిపెట్టె మిగిలి ఉన్నది.

మౌఖిక సంప్రదాయంలో అగ్గిపెట్టె లేదు. ఏ ఘట్టంలో ఏ రాగం ఎత్తుకోవాలి, యుద్ధఘట్టంలో కాలికింది చెక్కను ఎప్పుడు తొక్కాలి, రెండు చేతులతో మూడు బొమ్మలను ఎలా నడపాలి, సభ నిద్రలోకి జారుతున్నదని తెరవెనుకనుంచే ఎలా పసిగట్టాలి – ఇవి పుస్తకాల్లో లేవు. పక్కన కూర్చొని నేర్చుకొన్నవారి ఒంట్లో ఉన్నాయి. వారు వెళ్ళిపోతే ఆ కూర్పు వెళ్ళిపోతుంది. ఎన్ని దృశ్యముద్రణలు చేసినా అవి చూడడానికి పనికివస్తాయే తప్ప నేర్వడానికి సగమే పనికివస్తాయి.

ఇక్కడ మన శాస్త్రాన్ని కూడా పరీక్షించుకోవాలి. గ్రంథ పరిష్కరణలో పాఠభేదాన్ని ఒక సమస్యగా చూస్తాం. ప్రతులను పోల్చి, లేఖకదోషాలను తొలగించి, మూలానికి దగ్గరైన పాఠాన్ని నిర్ణయిస్తాం. సి.పి.బ్రౌన్ 1829లో, మళ్ళీ 1839లో వేమన పద్యాలను ప్రచురించిననాటినుంచి ఏవి వేమనవి, ఏవి కావన్న చర్చ సాగుతూనే ఉంది. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కదిరికి సమీపాన, ఈ పీఠభూమిమీదే ఉంది. ఆ మకుటంతో పద్యం కట్టిన అజ్ఞాత కవులెందరో ఉన్నారు. పరిష్కర్త దృష్టిలో వారు ప్రక్షిప్తకారులు. సంప్రదాయం దృష్టిలో వారు ఆ ఆటను కొనసాగించిన ఆటగాళ్ళు. గ్రంథానికి పాఠభేదం దోషం కావచ్చు, ప్రదర్శనకు అది ప్రాణం. ఒక బృందం ఒక రాత్రి ఆడిన ఆటను ముద్రించి ‘ప్రామాణిక పాఠం’ అని పేరు పెట్టినప్పుడు మనం రక్షిస్తున్నామా, శిలగా మారుస్తున్నామా అని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

4. కదలని హనుమంతుడు

ఇప్పుడు దీపపు గుమ్మటం దగ్గరికి వద్దాం. గడచిన కొన్ని దశాబ్దాలలో నిమ్మలకుంట కళాకారులు ప్రదర్శననుంచి క్రమంగా హస్తకళవైపు మళ్ళారు. దీపపు గుమ్మటాలు, గోడకు తగిలించే చిత్రాలు, తెరలు తయారుచేసి నగరాల ప్రదర్శనశాలల్లో అమ్ముతున్నారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు.

ఈ మార్పుపై సాధారణంగా రెండు వాదాలు వినిపిస్తాయి. కళ భ్రష్టమైంది, దేవుడు దీపానికి మూత అయ్యాడని సంరక్షణవాదులంటారు. కళ అంటే కాలానుగుణంగా మారడమే, కడుపు నింపని సంప్రదాయం ఎందుకని అనుకూలనవాదులంటారు. మొదటివారు రూపాన్ని, రెండవవారు రాబడిని కొలుస్తున్నారు. ఈ రెండు కొలతలకూ ‘ఆట’ అందదు.

తోలుబొమ్మలాట ఒక విద్య కాదు, రెండు విద్యల కలయిక. ఒకటి చేతివిద్య: తోలును శుభ్రపరచి, పలుచబరచి, రేఖ గీసి, ఉలితో చిల్లులు కొట్టి, రంగు వేయడం. రెండవది ఆటవిద్య: పద్యం, రాగం, వాచికం, హాస్యం, బొమ్మను నడపడం. బజారు మొదటిదానికి ధర కట్టింది, రెండవదానికి కట్టలేదు. గుమ్మటంలో చేతివిద్య సజీవంగా ఉంది, కొన్నిచోట్ల ఇంకా సూక్ష్మమైంది కూడా. పోయింది కీలు. కీలు చూడడానికి చిన్న ముడి. కాని ‘బొమ్మ’ను ‘ఆట’తో కలిపి ఉంచిన ముడి అదే. రంగనాథ రామాయణంలోని ఏ ఘట్టాన్నీ గుమ్మటంతో ఆడలేం. పైన చెప్పిన గీటురాయిమీద పెడితే, పాత కథను ఆడనివ్వని రూపాన్ని ఆ ఆటకు కొత్త కూర్పు అనలేం. అది ఆ ఆటనుంచి పుట్టిన వేరొక కళ.

వేరొక కళ అన్నమాట నిందార్థకం కాదు. తల్లినుంచి పుట్టిన బిడ్డ తల్లి కాకపోవడం బిడ్డ దోషం కాదు. దోషం ఎక్కడుందంటే పేరులో ఉంది. గుమ్మటాల అమ్మకాలను చూపి ‘తోలుబొమ్మలాట బతికింది’ అని చెప్పుకొంటే, తెరవెనుక గొంతు ఆగిపోయిన సంగతి మరుగున పడుతుంది. లేమిని కలిమిగా లెక్కరాసినట్టవుతుంది. ఇదే కారణంగా సాయంకాలం గంటన్నరకు కుదించిన ప్రదర్శనను, ఆధునిక ఇతివృత్తంతో ఆడే ప్రదర్శనను నేను గుమ్మటంతో సమానం చేయను. అవి ఎంత కొత్తగా కనిపించినా కొత్త కూర్పులే. ఎందుకంటే ఆ గంటన్నర ఆడినవారు రేపు రాత్రంతా ఆడగలరు, లేదా ఆడడం నేర్చుకోగలరు. విషాద సారంగధర విషయంలోనూ జరిగినది ఇదే. నియమం తెగింది, ఆట తెగలేదు.

5. కేతిగాడి హాస్యాన్ని ఏమి చేయాలి?

వారసత్వంలో నిలుపుకోదగినవి మాత్రమే ఉండవు. కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వంటి హాస్యపాత్రలు లేనిదే తోలుబొమ్మలాట లేదు. కథ బరువెక్కినప్పుడల్లా వారు తెరమీదికి దూకుతారు. అయితే వారి హాస్యంలో పెళ్ళాన్ని కొట్టడం, ఒంటి అవకరాన్ని ఎగతాళి చేయడం, కులాన్ని దెప్పడం, బూతు కలగలిసి ఉంటాయి. ఈ భాగాన్ని కొత్త తరం యథాతథంగా స్వీకరించాలా?

పాత్రధారణ క్రీడలోనూ ఇటువంటి ప్రశ్న తలెత్తింది. ఫలానా జాతిలో పుట్టినవారంతా స్వభావతః దుష్టులనే పాత నియమాలపై విమర్శ వచ్చింది. 2024 నాటి పుస్తకాలలో ‘జాతి’ని సూచించే పాత పదాన్నే తొలగించి మరొక పదం వాడారు. కొందరు దీనిని న్యాయమన్నారు, మరికొందరు అనవసరమైన శుభ్రత అన్నారు.

కేతిగాడి విషయంలో సమాధానం సంప్రదాయంలోనే ఉందని నా భావన. రాముడు మాట్లాడేది త్రేతాయుగపు మాట, కేతిగాడు మాట్లాడేది ఈ ఊరిమాట. ఎదుట కూర్చొన్న పెత్తందారును, ఊరిలోని తగవును, రాని వానను, పెరిగిన ధరను కథలోకి లాగడం అతని అధికారం. అంటే హాస్యం ఎప్పటికప్పుడు మారడమే ఆ పాత్రకు నియమం. యాభై ఏళ్ళనాటి ఛలోక్తిని ఈనాడు మార్పు లేకుండా వల్లించే కేతిగాడు సంప్రదాయాన్ని పాటిస్తున్నవాడు కాదు, తప్పుతున్నవాడు. కాబట్టి బలహీనులను నొప్పించే హాస్యాన్ని విడవడం ఆ పాత్రకు అపచారం కాదు. అయితే హాస్యాన్ని విడవడం వేరు, హాస్యగాడినే విడవడం వేరు. సభామర్యాద పేరిట, ప్రభుత్వ వేదికల సౌకర్యం పేరిట కేతిగాణ్ణే తొలగిస్తే బలవంతులను నిలదీసే గొంతు కూడా అతనితోపాటే పోతుంది. బలహీనులను దెప్పే మాటను తీసివేసి, బలవంతులను దెప్పే మాటను ఉంచే కూర్పు సంస్కారం. రెండింటినీ తీసివేసేది పిరికితనం.

6. సంప్రదాయం ఎవరి ఖర్చుతో?

ఇంతవరకు చేసిన వాదనపై ఒక బలమైన ఆక్షేపణ ఉంది. విశ్వవిద్యాలయంలో కూర్చొని ‘గుమ్మటం ఆట కాదు’ అని నిర్ణయించడం సులభం. ఆ గుమ్మటంతో బిడ్డను చదివించుకొన్న తల్లికి ఈ నిర్ణయంతో పనేమిటి?

ఆక్షేపణ న్యాయమైనది. అనంతపురంలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాలలో ఇది ఒకటి. ఇక్కడ ప్రదర్శనకళ పంటమీద ఆధారపడి బతికింది. పంట ఇంటికి వచ్చిన తరువాత ఎండనెలల్లో ఊరు ఆటను పిలిచేది, గింజలో, డబ్బో ఇచ్చేది. వాన రాకపోతే విరాటపర్వం చెప్పించే నమ్మకం తెలుగునాట విస్తృతంగా ఉండేది. ఉత్తర గోగ్రహణం జరిగి అజ్ఞాతవాసం ముగిసే కథకూ, మబ్బు చాటు వాన బయటపడడానికీ ఊరి మనస్సు ఒక పోలిక కట్టుకొన్నది. అంటే కరవు ఆటను పిలిపించేది, ఆ కరవే ఆటకు ఇచ్చే గింజను తగ్గించేది. ఈ వైరుధ్యంలోనే కళాకారుల బతుకు నడిచింది. వారికి రాత్రంతా గొంతు చించుకోవడం రసానుభూతి మాత్రమే కాదు, కూలి కూడా. కూలి గిట్టని పనిని విడవడాన్ని ద్రోహమనే హక్కు ఎవరికీ లేదు.

కాబట్టి రెండు న్యాయాలను వేరు చేయాలి. ‘ఇది కొత్త కూర్పా, వేరొక కళా’ అన్నది విచారణకు సంబంధించిన న్యాయం. దానికి సమాధానం చెప్పే బాధ్యత పరిశోధకులకుంది. ‘వారు ఆటను కొనసాగించవలసిందే’ అన్నది ఆజ్ఞకు సంబంధించిన న్యాయం. ఖర్చు భరించనివారికి ఆ ఆజ్ఞ ఇచ్చే అధికారం లేదు. బల్లచుట్టూ ఆడేవారు పాత కూర్పుమీద పట్టుదల చూపినప్పుడు దాని ఖర్చు వారి తీరిక మాత్రమే. వారు పొద్దున లేచి వేరే ఉద్యోగానికి వెళతారు. మనం తోలుబొమ్మలాట పాత రూపంమీద పట్టుదల చూపినప్పుడు దాని ఖర్చు మరొకరి బిడ్డ భవిష్యత్తు. మన అభిరుచికి మూల్యం ఇతరుల ఇంటినుంచి చెల్లించడం నైతికం కాదు.

అలాగని కళాకారులే నిర్ణయించుకొన్నారు కదా అని చేతులు దులుపుకోవడమూ సరికాదు. బజారు ఒక విద్యకే ధర కట్టినప్పుడు జరిగిన ఎంపికను పూర్తి స్వేచ్ఛతో చేసిన ఎంపిక అనలేం. ఆటవిద్యకూ ధర ఉంటే ఎందరు యువకులు, ఎందరు యువతులు దానిని ఎంచుకొనేవారో మనకు తెలిసే అవకాశమే రాలేదు. ఆ అవకాశం కల్పించడంలో తెలుగు శాఖలకు పాత్ర ఉంది. ఒకే పాఠాన్ని స్థిరీకరించకుండా వేర్వేరు బృందాలు వేర్వేరు రాత్రులు ఆడిన పాఠాలను పక్కపక్కన ప్రచురించవచ్చు. ఆడించినవారి పేరును సమాచారదాతగా కాక సహపరిష్కర్తగా ముద్రించి, దానికి తగిన పారితోషికం ఇవ్వవచ్చు. జానపద విజ్ఞానం చదివే విద్యార్థి ఒక్క ఘట్టాన్నయినా కళాకారుల పక్కన కూర్చొని నేర్చుకోవాలనే నియమాన్ని పాఠ్యప్రణాళికలో చేర్చవచ్చు. ఆ విద్యార్థి గొప్ప కళాకారుడు కానక్కరలేదు. నేర్పినందుకు ఆ గురువుకు జీతం వస్తే చాలు, ఆటవిద్యకు ఒక ధర ఏర్పడినట్టే. ఇందులో నాకూ మినహాయింపు లేదు. తోలుబొమ్మలాటపై పుటలు రాసిన నేను ఇంతవరకు ఒక్క బొమ్మను చేతబట్టి తెరకు ఆనించలేదు.

ఉపసంహారం

సంప్రదాయ నవ్యతల సమతుల్యాన్ని సాధారణంగా త్రాసుగా ఊహిస్తాం. ఒక తట్టలో పాతది, రెండవ తట్టలో కొత్తది, మధ్యలో సరిసమానమైన ముల్లు. ఈ పరిశీలనలో ఆ ఊహ చాలదని తేలింది. తోలు, రంగు, దీపం, భాష – ఇన్ని మారినా ఆట నిలిచింది. ఒక్క కీలు పోయినచోట, బొమ్మ ఎంత పాతగా కనిపించినా, ఆట నిలవలేదు. కాబట్టి పాత ఎంత, కొత్త ఎంత అన్న పాళ్ళు ముఖ్యం కాదు. ఈ మార్పు తరువాత కూడా పాత కథను ఆడించగలవారు ఉన్నారా, వారినుంచి నేర్వగలవారు ఉన్నారా అన్నదే ముఖ్యం. దానితోపాటు, ఆ కొనసాగింపుకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారన్నది కూడా అంతే ముఖ్యం.

తెలుగు క్రియ ఈ తేడాను ముందే గుర్తించింది. మనిషి ఆడతాడు, బొమ్మను ఆడిస్తాడు. గుమ్మటాన్ని వెలిగించగలం, ఆడించలేం. నిమ్మలకుంటలో ఆడించడం తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. నాగసేనుడి రాత్రిలో మనం ఏ జామున ఉన్నామో చెప్పడం కష్టం. తుదిజామే అయినా ఒక వత్తినుంచి మరొక వత్తిని అంటించుకోవడానికి వ్యవధి ఉంది. ఆరిన తరువాత మాత్రం దానిని మనం వర్ణించగలమే తప్ప వెలిగించలేం.